పదకొండో నంబరు మాడ్యూలు

పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు మా ప్రియస్. దాన్లో వెనక సీటు పక్కన ప్లాస్టిక్ జాలీ ఒకటి ఉంటుంది. తొమ్మిదేళ్లుగా ఆ కారు నడుపుతున్నా దాని వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లినప్పుడల్లా ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తాలు రెండు తెచ్చి, దొర్లిపోకుండా సరిగ్గా ఆ జాలీకి ఆనించి పెట్టేదాన్ని. వాటి మీద అత్తయ్యగారి శాలువా, పాప దుప్పటి. హైబ్రిడ్ బ్యాటరీకి గాలి వెళ్లేది అక్కణ్ణుంచేనని పోయినేడు జూలైలో తెలిసింది. అప్పటికే కారు మూలన పడింది.

మేముండేది డాలస్ పక్కన అర్వింగ్‌లో. జూలైలో వంద ఫారన్‌హీట్ దాటడం ఇక్కడ వార్త కాదు. మా కారు 2008 మోడల్, అప్పటికి లక్షా నలభై ఆరు వేల మైళ్లు తిరిగింది. పదహారేళ్ల బ్యాటరీని ఈ ఎండలో, ముక్కు మూసి నడిపించాను కాబట్టి తప్పు కారు మీద వెయ్యడానికి నాకు నోరు రాదు.

ఆగిపోవడానికి వారం ముందు నుంచే తేడా కనిపించింది. తెర మీద బ్యాటరీ బొమ్మలో ఎనిమిది గళ్లుంటాయి. మామూలుగా ఐదారు గళ్ల దగ్గర కాస్త అటూ ఇటూ కదులుతుంది, అంతే. ఆ వారం మాత్రం ఫ్లైఓవర్ దిగేలోపు ఎనిమిదీ నిండి ఆకుపచ్చగా అయిపోయేది, రెండు సిగ్నళ్లు దాటేసరికి రెండు గళ్లకు పడిపోయి గులాబీ రంగుకి తిరిగేది. బ్యాటరీ భలే తొందరగా నిండుతోందే అని నేను సంబరపడ్డాను కూడా. బిందె అంత త్వరగా నిండుతోందంటే బిందె చెంబైపోయిందని అర్థం. గాలన్‌కి నలభై ఆరు మైళ్లు ఇచ్చే కారు ముప్ఫై ఎనిమిదికి దిగింది. వెనకాల ఫ్యాను పెళ్లి పందిరి జనరేటర్‌లా మోగుతుంటే రేడియో సౌండు పెంచాను.

గురువారం సాయంత్రం 183 హైవే మీద హెచ్చరికగా ఎర్ర త్రికోణం వెలిగింది. పక్కకి తీసి, కారు తప్పుల కోడ్‌లు చదివే పాతిక డాలర్ల బ్లూటూత్ రీడర్ పెట్టి ఫోన్‌లో చూస్తే రెండు కోడ్‌లు. ఒకటి పి0ఎ80. హైబ్రిడ్ బ్యాటరీ మార్చమని దానర్థం. రెండోది పి3016, అంటే బ్యాటరీలోని భాగాల్లో ఆరోది, ఆరో బ్లాకు, నీరసపడిందని.

మర్నాడు సర్వీసువాళ్లు చూసి కొత్త బ్యాటరీకి మూడు వేల ఎనిమిది వందల డాలర్లన్నారు. వాళ్లు అన్యాయంగా ఏమీ అడగలేదు. కాకపోతే అమ్మితే ఆ కారుకి కూడా అంతే వస్తుంది. మా ఆయన “ఇచ్చేద్దాం, ఇంకోటి చూద్దాం” అన్నారు. నేను మా నాన్నకి ఫోన్ చేశాను.

నాన్నకి ఫోన్ ఎందుకంటే, విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాటరీ షాపు నడిపారు. లారీ బ్యాటరీలు, ట్రాక్టర్ బ్యాటరీలు. మా ఇంట్లో ఆయన చొక్కాలన్నీ జల్లెడలే. యాసిడ్ చుక్క పడ్డట్టు కంటికి కనపడదు, ఉతికి ఆరేశాక చూస్తే అక్కడ కన్నం. అమ్మ కొత్త చొక్కా కొనడం మానేసి కొత్త కన్నాలు లెక్కపెట్టేది. పాతకాలం బ్యాటరీలకు పైన తారు పోసి ఉండేది. దాన్ని వేడిచేసి తీసి, పాడైన సెల్లు ఒక్కటే పైకి లాగి, ప్లేట్లు మార్చి, మళ్లీ తారు పోసేవారు. బ్యాటరీ పోయిందంటే మొత్తం పోయినట్టు కాదని నాకు చిన్నప్పుడే తెలుసు.

మాకు రాత్రి తొమ్మిదైతే అక్కడ ఉదయం ఏడున్నర. కాఫీ గ్లాసుతో వీడియోలోకి వచ్చారు.

“ఎన్ని సెల్లులమ్మా?”

“నూట అరవై ఎనిమిది నాన్నా.”

కాసేపు మాట లేదు. “కారుకా?”

ఒక్కో సెల్లు 1.2 వోల్టులని, ఆరు సెల్లులు కలిపి ఒక మాడ్యూలని, 7.2 వోల్టుల మాడ్యూళ్లు ఇరవై ఎనిమిది వరసగా కలిపితే 201.6 వోల్టులని, కంప్యూటర్ వాటిని రెండేసి చొప్పున పద్నాలుగు బ్లాకులుగా చూసుకుంటుందని చెప్పాను. లోపల యాసిడ్ కాదు, క్షారం. సీసం కాదు, నికెల్.

“రెండొందల వోల్టులు. అదీ డీసీ. చెయ్యి పెట్టకు,” అన్నారు. కాఫీ అయ్యాక, “పెట్టక మానవు గాని, ముందు దాన్ని ముక్కలు చెయ్. విడగొట్టాక ఏడు వోల్టుల దాంతో భయమేముంది? అంతవరకు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో.”

ఇక్కడ నేను కూడా ఆ మాటే అంటాను. ఇదంతా చదివి ఉత్సాహం వస్తే రానివ్వండి గాని, కరెంటు పని ఎప్పుడూ చెయ్యనివాళ్లు ఈ పెట్టె మూత తియ్యొద్దు. తాళం దూరంగా పెట్టాను. డిక్కీలో ఉండే మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీని ముందు కొలిచి (అది బలహీనపడ్డా కారు పిచ్చి కోడ్‌లు చూపిస్తుంది, మాది 12.6, బాగానే ఉంది) దాని నెగటివ్ విప్పాను. వెయ్యి వోల్టుల రబ్బరు గ్లవ్స్ తెప్పించాను. అవి వేసుకునే ముందు ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి, లోపల గాలి బంధించి, ఎక్కడైనా బుస్సుమంటుందేమో చెవి దగ్గర పెట్టుకుని వినాలి. తర్వాత నారింజ రంగు సర్వీస్ ప్లగ్గు లాగి జేబులో వేసుకున్నాను, ఎవరూ తిరిగి పెట్టకుండా. ముందున్న ఇన్వర్టర్‌లో కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగాను.

చాలామంది పొరబడేది ఇక్కడే. ప్లగ్గు తీస్తే బ్యాటరీ చచ్చిపోదు. మధ్యలో తెగి రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కలో మనిషిని తీసుకుపోయేంత వోల్టేజీ అలాగే కూర్చుని ఉంటుంది. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీలు, అదే బస్ బార్లు, అన్నీ ఊడి వచ్చేదాకా గ్లవ్స్ తియ్యకూడదు. ఆ గంట మా ఆయన గరాజ్ గుమ్మంలో చీపురు కర్ర పట్టుకుని నిలబడ్డారు. నాకేమైనా అయితే దాంతో నన్ను పక్కకి నెట్టాలని ఆయన ప్లాను. అప్పుడు నవ్వాను గాని నిజానికి అది మంచి ప్లానే.

ఫ్యాను విప్పితే లోపల రెక్కలు కనపడలేదు. బూడిద రంగు దూది దిండులా ఉంది. దాన్ని చేత్తో ఊడదీస్తే శాలువా నూలు, దుప్పటి నూగు, బియ్యం దుమ్ము పొరలు పొరలుగా వచ్చాయి. ఆ రోజు నుంచి బియ్యం ముందు సీట్లో బెల్టు పెట్టుకుని వస్తోంది.

బస్ బార్లు చూసి నాన్న ఫోన్‌లోనే గుర్తుపట్టారు. “చిలుం పట్టింది.” రాగి మీద పచ్చగా, అక్కడక్కడ నల్లగా. షాపులో ఆయన టెర్మినళ్లకు పట్టే తెల్లటి పొడి మీద వంట సోడా కలిపిన వేడినీళ్లు పోసేవారు. అక్కడ ఉన్నది యాసిడ్, సోడా దాన్ని విరుస్తుంది. అదే అలవాటుగా “సోడా పొయ్యి” అన్నారు. “ఇది క్షారం నాన్నా, సోడా పనిచెయ్యదు, పులుపు కావాలి” అన్నాను. వెనక నుంచి అమ్మ గొంతు: “చింతపండు పెట్టి తోమమను.” ఇత్తడి బిందెలు తోమినట్టే తోమాను. చింతపండు, రాళ్లుప్పు, పాత టూత్ బ్రష్. పది నిమిషాల్లో కొత్త పైసల్లా మెరిశాయి. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, తుడిచి, రాత్రంతా ఆరబెట్టాను. దీనికి జనం వెనిగర్ వాడతారట. మా వంటింట్లో ఏది ఎక్కువుందో అది వాడాను.

మాడ్యూళ్ల మీద మార్కర్‌తో 1 నుంచి 28 దాకా నంబర్లు వేసి మీటర్ పెట్టాను. 7.85, 7.87, 7.86... పదకొండో నంబరు 6.58. ఆరో బ్లాకంటే పదకొండు, పన్నెండు నంబర్లే, కోడ్ చెప్పింది అదే. దాదాపు 1.3 వోల్టులు తగ్గిందంటే ఆరు సెల్లుల్లో ఒకటి పూర్తిగా పోయినట్టు. దొంగ దొరికాడు, ఒక్కటి మార్చేస్తే సరి అనుకుని నాన్నకి ఫొటో పెట్టాను. మిగతా ఇరవై ఏడూ ఒకదానికొకటి నూరోవంతుల తేడాలో ఉన్నాయి.

“లోడ్ పెట్టావా?”

“మిగతావన్నీ 7.8 పైనే చూపిస్తున్నాయి కదా నాన్నా.”

“లోడ్ పెట్టి చూపించు.”

లోడ్ పెట్టడానికి, అంటే కరెంటు లాగిస్తూ కొలవడానికి, ఆటోనగర్ షాపులో ఒక టెస్టర్ ఉండేది. రెండు ఇనుప కాళ్లు, మధ్యలో పట్టీ, పైన ముల్లు తిరిగే మీటరు. కాళ్లు రెండూ సెల్లు మీద గట్టిగా నొక్కితే పట్టీ వేడెక్కి ఎర్రబడేది. లారీ డ్రైవర్లు వచ్చి “పన్నెండున్నర చూపిస్తోంది సార్, బ్యాటరీ బాగుంది, స్టార్టరే తేడా” అని వాదించేవారు. నాన్న మాట్లాడకుండా ఆ టెస్టర్ నొక్కేవారు. పదిహేను సెకన్లు. పాడైన సెల్లు దగ్గర నీళ్లు కుతకుతమని ఉడికేవి, ముల్లు కూలబడేది. డ్రైవరు “ఎంతవుద్ది?” అనేవాడు. నేను స్కూలు బ్యాగుతో బల్ల మీద కూర్చుని ఇది కొన్ని వందలసార్లు చూశాను. అయినా ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి, మీటర్‌లో నాలుగు అంకెలు కనపడగానే నమ్మేశాను.

పాత హెడ్‌లైట్ బల్బు, 55 వాట్లది, దానికి రెండు తీగలు, రెండు క్లిప్పులు. ఏడు వోల్టుల దగ్గర కూడా అది మూడు ఆంపియర్ల పైనే లాగుతుంది. ఒక్కో మాడ్యూలుకి రెండు నిమిషాలు. ఎక్కువ భాగం 7.6 దగ్గర నిలబడ్డాయి. పంతొమ్మిదో నంబరు మెల్లగా జారుతూ 7.1కి వచ్చింది. ఇరవై నాలుగో నంబరు సంగతి చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 7.86, వరసలో అందరికంటే బుద్ధిమంతురాలు. బల్బు తగిలించగానే ముప్ఫై సెకన్లు మంచిగానే ఉంది. తర్వాత ఎవరో కాళ్ల కింద పీట లాగినట్టు 7.3, 7.1, 6.9. బల్బు వెలుగు పసుపుకి తిరగడం కంటికే తెలిసింది. క్లిప్పు తీసిన ఐదు నిమిషాలకు మళ్లీ 7.7, ఏమీ ఎరగనట్టు.

పదకొండు ఒక్కటే మార్చి ఉంటే నెల తిరక్కుండా మళ్లీ ఈ పెట్టె విప్పేదాన్ని.

పాత మాడ్యూళ్లు ఆన్‌లైన్‌లో ఒక్కోటి నలభై ఐదు చొప్పున నాలుగు కొన్నాను. ఆ తర్వాత రెండు వారాలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బొమ్మ విమానాలవాళ్లు వాడే చార్జర్, నాలుగింటిని ఒకేసారి పడుతుంది. నిండా చార్జ్, ఆరు వోల్టుల దాకా ఖాళీ, మళ్లీ చార్జ్, ఒక్కోదానికి మూడు తడవలు. ఒక బ్యాచికి రోజు పడుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ఈ మాడ్యూళ్లు చార్జ్ అయ్యేటప్పుడు పొట్ట ఉబ్బుతాయి. కారులో అయితే అన్నీ ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుని ఉంటాయి. బయట విడిగా చార్జ్ చేస్తే ఉబ్బి, మళ్లీ వరసలో పట్టవు. రెండు చెక్కల మధ్య పెట్టి క్లాంపులు బిగించాను, ఎదురుగా టేబుల్ ఫ్యాను. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమంటే ఆపెయ్యాలి. కొత్తలో ఒక్కోటి 6500 మిల్లీ ఆంపియర్ అవర్ల సరుకు. మావి మొదటి తడవ 3900 దగ్గర పలికాయి, మూడో తడవకి 5000 చుట్టుపక్కలకు వచ్చాయి. కొన్న నాలుగింటిలో ఒకటి ఎంత కొట్టినా 3200 దాటలేదు. దాన్ని గుమ్మానికి అడ్డంగా పెట్టుకున్నాం.

తర్వాత వారం రోజులు ఏమీ చెయ్యకుండా వదిలేసి మళ్లీ కొలిచాను, కూర్చున్నచోటే కారిపోయేవి ఏవైనా ఉన్నాయేమోనని. లేవు. చివరి రాత్రి అన్నింటి ప్లస్సులూ ఒకచోట, మైనస్సులూ ఒకచోట కలిపి వదిలాను, అందరూ ఒకే మట్టానికి వచ్చేలా.

బిగించడం ఆదివారం. మాడ్యూళ్లు ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి పేర్చాలి, ఒకదాని ప్లస్సు పక్కన ఇంకోదాని మైనస్సు వచ్చేలా. నట్లు 5.4 న్యూటన్ మీటర్లకే బిగించాలి. అది చాలా తక్కువ. ఎక్కువైతే టెర్మినల్ మరలు ఊడొస్తాయి. ముప్ఫై ఐదు డాలర్లు పెట్టి చిన్న టార్క్ రెంచి కొన్నది అందుకే. గ్లవ్స్ వేసుకుని ఒక్కో బస్ బారూ పెట్టుకుంటూ పోయాను.

“ప్లగ్గు పెట్టే ముందు రెండు ముక్కలూ కొలిచి కూడు,” అన్నారు నాన్న.

ఒక్కోటి 7.9 చొప్పున ఇరవై ఎనిమిదికి 221 రావాలి. నాకు 205 వచ్చింది.

పదహారు వోల్టులు ఎక్కడికి పోయాయి? మాడ్యూలు ఏదైనా చచ్చిపోతే ఒకటో రెండో తగ్గాలి గాని పదహారు కాదు. మీటరు తప్పేమో అని బ్యాటరీ మార్చాను, మళ్లీ 205. నాన్న ఇటువైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, లెక్క వేసుకునేటప్పుడు అలా చూస్తారు. “ఒకటి తిరగబడిందమ్మా. దానిది పోయింది, ఇంకోదాన్ని తింది. రెండెనిమిదులు పదహారు.” ఏడు పాయింట్ తొమ్మిది రెండుసార్లు, 15.8. వెతికితే కొత్తగా పెట్టిన పంతొమ్మిదో నంబరు వీపు తిప్పుకుని కూర్చుంది. మార్కర్‌తో నంబరు వేశాను గాని కొత్తవాటికి ప్లస్సు ఎటుందో గుర్తు పెట్టలేదు. అలాగే ప్లగ్గు పెట్టేసి ఉంటే ఏమయ్యేదో తల్చుకోవడం ఇష్టం లేదు. మళ్లీ విప్పి, తిప్పి, బిగించి, కొలిస్తే 221.

పెట్టెని ఇద్దరం మోసుకెళ్లి కారులో పెట్టాం. అన్నీ బిగించి బటన్ నొక్కితే మళ్లీ ఎర్ర త్రికోణం. నాలుగు వారాలు, ఇరవై తొమ్మిది మాడ్యూళ్లు, ఇంట్లో చింతపండు మొత్తం అయిపోయింది, ఇదా ఫలితం అని నేను డిక్కీ అంచు మీద కూలబడ్డాను. మా ఆయన ఫోన్‌లో కోడ్ చదివారు, పి0ఎ0డి. బ్యాటరీది కాదు, సర్వీస్ ప్లగ్గు తాళం పడలేదని. ప్లగ్గు లోపలికి తోసి హ్యాండిల్ తిప్పితే సరిపోదు, చివర్లో ఇంకొక్క నొక్కు నొక్కాలి. నొక్కాను. టక్కుమంది. తెర మీద ‘రెడీ’ అని వచ్చింది. పెద్ద పనులన్నీ నేను చేశాను, చివరికి కారు స్టార్ట్ చేసింది మాత్రం తనే అని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెబుతారు.

మాడ్యూళ్లు, చార్జర్, గ్లవ్స్, రీడర్, రెంచి అన్నీ కలిపి 422 డాలర్లయింది. డబ్బు మిగిలిందనే మాట నిజమే గాని నా నాలుగు వారాల సాయంత్రాలు ఆ లెక్కలో లేవు. ఇంకో పదేళ్లు కారు ఉంచుకోవాలనుకునేవాళ్లకి నేనైతే కొత్త బ్యాటరీయే వేయించుకోమంటాను. నేను చేసింది ముసలాయనకి పళ్లు కట్టించడం లాంటిది. కట్టించిన పళ్లు బాగానే ఉంటాయి, పక్కవి ఊగుతుంటాయి.

శీతాకాలమంతా బ్లాకుల మధ్య తేడా 0.2 వోల్టులు దాటలేదు. ప్రతి ఆదివారం నాన్న అడిగేవారు, నేను అంకె చెప్పేదాన్ని. మామూలుగా మా ఇద్దరికీ ఫోన్‌లో రెండు నిమిషాల తర్వాత మాటలు అయిపోతాయి, ఈ అంకె పుణ్యమా అని అరగంట నడిచేది. ఆయనకి నికెల్ గురించి ఇప్పుడు నాకంటే ఎక్కువ తెలుసు. మొన్న జూన్‌లో ఎండలు ముదిరాక పన్నెండో బ్లాకు 0.4 వెనకబడటం మొదలుపెట్టింది. తెర ఫొటో తీసి పంపాను.

“లోడ్ మీదా, నిలబడా?” అని వచ్చింది.

ఏసీ వేసుకుని 183 ఎక్కేటప్పుడు అని రాశాను. చాలాసేపు జవాబు లేదు, కిటికీలోంచి చూస్తున్నారనుకున్నాను. తర్వాత వాయిస్ మెసేజ్.

“ఇరవై నాలుగు మార్చాం కదా, దాని పక్కన ఇరవై మూడుందే, అది తియ్యాలమ్మా. ఆదివారం కూర్చుందాం. చింతపండు ఉందేమో చూసుకో.”